పీపీ మెయిలు

ఫోను లేని రోజుల్లో మా గల్లీ వాళ్లమంతా కిరాణా కొట్టు నంబరే మా నంబరని ఇచ్చుకునేవాళ్లం. పక్కన పీపీ అని రాస్తే చాలు, ఫోనొస్తే కొట్టాయన కేకేసి పిలిచేవాడు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో నా చిన్నతనమంతా అలాగే గడిచింది. తర్వాత ఇంటర్నెట్ సెంటర్ వచ్చినా మా అలవాటు మారలేదు. సెంటర్ భాయ్ మెయిలే గల్లీ అందరి మెయిలు. పాస్‌వర్డు చీటీ మీద రాసి గోడకు అతికించాడు. అందులో తప్పేముందో నాకు తట్టనే లేదు. డిగ్రీ చదివానని పేరు మాత్రం ఉంది!

మా అన్న కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు వెల్డరు. దుబాయ్‌లో పని కుదిరింది. పాస్‌పోర్టు, రేషన్ కార్డు కాపీలు, ఫోటో మెయిల్లో పంపమన్నారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చిందాన్ని నేనే కాబట్టి పెత్తనమూ నాదే.

"అన్ని కాపీల మీద సంతకం పెట్టన్నా, లేకుంటే చెల్లవు" అన్నాను.

"ఎందుకు ఇస్తున్నమో గూడ రాయాల్నా?"

"ఏమొద్దు. నీకేం తెల్వదు, ఊకో."

సెంటర్‌లో స్కాన్ చేయించి, భాయ్ మెయిలు నుంచే పంపాను. నెల తిరగకముందే పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ఎవడో అన్న కాగితాలతో సిమ్ తీసుకుని, ఆ నంబరు నుంచి ఒక వ్యాపారిని బెదిరించాడట. నేనూ వెంట వెళ్లాను. ఎస్సై ఆ కాపీలు బల్ల మీద పెట్టి, "ఈ సంతకం నీదేనా?" అని అడిగాడు.

అన్న వంగి చూశాడు. అబద్ధమాడటం రాని మనిషి. "నాదే సార్" అన్నాడు.

మెయిలు సంగతంతా చెప్పాను. "మరి ఎవరు తీసిండ్రో చెప్పమ్మా" అన్నాడు ఎస్సై. ఆ గోడ మీది చీటీ చూసినవాళ్లలో ఎవరని చెప్పను? సాయంత్రానికి అన్నను వదిలారు గానీ, విచారణ తేలేదాకా పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంటుందన్నారు.

అక్కడినుంచి సెంటర్‌కి పరుగెత్తాను. భాయ్ మెయిలు తెరిచాడు. గల్లీలో సగం మంది పాస్‌పోర్టులు అందులోనే ఉన్నాయి. అన్న కాగితాలు తీసేసి, "డిలీట్ కర్‌దియా బెహన్, ఫికర్ నక్కో" అని, ఇక దిగులొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరి మీద అరవను? పంపింది నేనే. ఇక్కడ తీసేస్తే, దొంగిలించినవాడి దగ్గర పోతాయా?

వీసా గడువు దాటిపోయింది. అన్న మళ్లీ పాత పనికే పోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కొన్నాళ్లకు కాంట్రాక్టరు గేటు పాసు కోసం రేషన్ కార్డు కాపీ అడిగాడు. అన్న జిరాక్సు, పెన్ను పట్టుకుని నా ముందు కూర్చున్నాడు.

"చెల్లే, దీని మీద సంతకం పెట్టాల్నా, వద్దా?"

ఎప్పటిలా నన్నే అడిగాడు.