నూనె కాళ్ళు, నీటి కొలత

“కాళ్ళకి నూనె రాయవేటే? దురదగున్నాది.”

“కొలత అవనీ మావా. ఇంటికెల్లినాక రాస్తాను.”

ఆసుపత్రిలో మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు. రక్తం శుభ్రం చేస్తుండగానే ఆయన గుండె ఆగిపోయింది. నాకు సంతకం తప్ప ఏమీ రాయడం రాదు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది.

మాది ఉద్దానం. ఆయన కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి, అరికాళ్ళు కూడా చెట్టు బెరడులాగే ఉండేవి. కిడ్నీలు పాడయ్యాక ఒంట్లో చేరిన నీరు దానంతటది పోదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను మీద తీయించుకోవాలి. ఎంత తీయాలన్నదే చిక్కు. ఎక్కువ తీస్తే పిక్కలు పట్టేసి కళ్ళు తేలేసేవాడు. తక్కువ తీస్తే ఆయాసంతో పడుకోలేకపోయేవాడు.

అందుకని నెలకోసారి ఇంకో చిన్న మిషను తెచ్చేవారు. చేతికీ కాలికీ బిళ్ళలు అంటించి, మనకు తెలియనంత కరెంటు పంపితే ఒంట్లో నీరెంతుందో చెబుతుందట. మొదటిసారి మా ఆయన ఆ మిషను పట్టే పిల్లతో, “షాకు కొట్టిందంటే మా ఆడది మిమ్మల్ని ఒగ్గదు” అన్నాడు.

రెండు నెలలు మిషను నీరు తక్కువే ఉందంది. నా బొటనవేలు ఒప్పుకోలేదు. చీలమండ మీద నొక్కితే పడ్డ గుంట, నేను తల దువ్వుకుని ముడేసుకునేదాకా పూడేది కాదు. ఆయాసమూ తగ్గలేదు.

“మిషను కన్నా నీ ఏలు గొప్పదేటే?” అన్నాడు.

“నీతో ఏగిన ఏలు మావా. దానికి తెల్దా?”

మూడో నెల బిళ్ళ కాలిమీద నిలవక జారిపోయింది. ఆ పిల్ల తడిమి చూసింది.

“ఏటి రాసినావమ్మా?”

“కొబ్బరినూనె. మా సెట్లదే. దురదకి రోజూ రాస్తాను. కొలత రోజని కాస్త ఎక్కువ రాసినాను.”

పరాయి పిల్ల పట్టుకునే కాళ్ళు పగుళ్ళతో ఉంటే నాకు నామోషీ మరి. ఆ పిల్ల నెత్తి కొట్టుకుని, స్పిరిటు దూదితో తుడిచి మళ్ళీ బిళ్ళలు పెట్టింది. అంకె పెరిగింది. నూనె అడ్డం పడితే కరెంటు సరిగా దిగదట, నీరు తక్కువని చూపిస్తుందట.

“సూసినారా, నా ఒంట్లో నీల్లు మా ఆడదే దాసేసింది!” అని మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి కొలత అయ్యాకే నూనె.

ఆయన పోయిన తర్వాత వెళ్ళి ఆ పిల్లనే అడిగాను. “ఆ రెండు నెలల నీరే గుండెని తినేసిందా అమ్మా?”

“డాక్టరుగారు ఆ అంకొక్కటే సూడరమ్మా. బరువు, బీపీ, ఊపిరి అన్నీ సూసే నీరు తీస్తారు. నీ వల్లని ఎవులూ సెప్పలేరు.”

“కాదనీ సెప్పలేరు కదా?”

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

ఓలమ్మీ, నా మాటలు రాస్తా రాస్తా కళ్ళు తుడుసుకున్నావు, సూసినాను. నా మీద జాలితో నా తప్పేటైనా తగ్గించి రాసినావా? మొదట్నుంచి సదువు, ఇంటాను.