రెన్యువల్ ఫారం మీద మా నాయన సంతకం

మా చిన్నప్పుడు... ఒళ్లు కాలిపోతుంటే దుప్పటి కప్పుకుని తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చున్నాను. లెక్కల సారు చూసి, "ఏంది పాపా, అట్ల వణుకుతాండావ్... హాస్టల్‌కు పోయి పండుకో" అన్నారు.

"హాజరేసినాక పోతా సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్వరు... వాళ్లకు స్కాలర్‌షిప్ లేదు కదా!

మాది ఆళ్లగడ్డ. ఎనిమిది దాకా అక్కడే చదివి, పరీక్ష రాసి స్కాలర్‌షిప్ తెచ్చుకుని నంద్యాలలో హైస్కూల్లో చేరాను. హాస్టల్ ఖర్చంతా దాంతోనే గడిచేది. అది ఆగిందంటే పెట్టె సర్దుకుని ఆళ్లగడ్డ బస్సెక్కడమే. ఆ మాట అమ్మ చెప్పింది, వార్డెనమ్మ చెప్పింది... బస్సు కండక్టరు ఒక్కడే చెప్పలేదు.

ఇచ్చేటప్పుడు మెచ్చుకునే ఇచ్చారు గానీ, దాన్ని నిలబెట్టుకోవడానికి పెట్టిన షరతులు చూడాలి. ముప్పావు వంతు హాజరుండాలి. ఒక్క సబ్జెక్టు కూడా తప్పకూడదు. నడవడిక బాగుందని హెడ్‌మాస్టరు రాసివ్వాలి. ఇదంతా ఏటా మళ్లీ మొదట్నుంచి రుజువు చేసుకోవాలి. ఉన్నోళ్ల పిల్లలు లెక్కల్లో సున్నా తెచ్చుకున్నా అడిగే నాథుడు లేడు. మేం మాత్రం జ్వరం కూడా లెక్క చూసుకునే తెచ్చుకోవాలి! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

సరే... కిందా మీదా పడి ఆ ఏడు అన్నీ గట్టెక్కాను, లెక్కలతో సహా. ఇక మిగిలింది రెన్యువల్ ఫారం కింద తండ్రి సంతకం.

మా నాయన ఓబులేసు రాళ్లు చెక్కే పని చేసేవాడు. మేస్త్రీ సుద్దతో పేర్లు రాసిస్తే ఆ గీతల వెంబడి ఉలి నడిపేవాడు. ఎంతమంది పేర్లు చెక్కాడో... ఒక్కటీ చదవలేడు. నేను చేరేటప్పుడు ఫారం మీద వేలిముద్రే వేశాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో నాకు పంతం పట్టింది, నాయనకు సంతకం నేర్పాలని.

"నాకేం వస్తాది పాపా... నువ్వు రాయి మీద గీయి, చెక్కి చూస్తా" అన్నాడు.

నిజంగానే విరిగిన నాపరాయి ముక్క మీద నేను రాసిన పేరును చెక్కి, ఆ గాడిలో వేలు పెట్టి తిప్పుకుంటూ నేర్చుకున్నాడు! తర్వాత పలక మీద దిద్దాడు. 'లే' దగ్గర మాత్రం ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. అమ్మ ఆ రాయిని తీసుకుపోయి బట్టలుతికే దగ్గర వేసుకుంది.

ఫారాలకు ఆఖరు రోజున నాయన పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నాతో నంద్యాల వచ్చాడు. ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడి, ఒక్కో అక్షరం విడివిడిగా సంతకం పెట్టాడు. నాకైతే ఫస్టు క్లాసు వచ్చినంత సంతోషం.

గుమాస్తా పాత ఫైలు తీశాడు.

"పోయినేడు వేలిముద్ర, ఈ ఏడు సంతకమా? ఇద్దరూ ఒగటేనని ఎట్ల నమ్మేది?"

"మా నాయనే సార్... మీ ముందరే పెట్టినాడు కదా!"

"మనిషితో నాకు పనిల్యా. కాగితాలు కలవాల. ల్యాకుంటే తాసిల్దారుతో రాయించుకోని రాండి."

తాసిల్దారు ఊళ్లో లేడు. గడువు సాయంత్రంతో సరి.

"సంతకం నేర్సుకునేది తప్పా అప్పా?" అన్నాడు నాయన.

"తప్పని నేనన్నానా? రూలు అట్ల ఉండాది" అంటూ గుమాస్తా ఆ ఫారం రెండు ముక్కలు చేసి, కొత్తది తీసిచ్చాడు.

కూతురు ఏటికేడు ముందుకు పోతోందని రుజువు కావాలి... తండ్రి మాత్రం పోయినేడు ఎక్కడున్నాడో అక్కడే ఉండాలి! ఇదేం న్యాయమని ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు. నాకు బస్సు కనబడుతోంది, పెట్టె కనబడుతోంది. ఇంకుప్యాడు మూత తీసి నాయన ముందుకు జరిపింది నేనే.

నాయన నావైపు చూడలేదు. బొటనవేలు అద్ది, కొత్త ఫారం మీద ముద్ర వేసి, ఆ ఇంకు తలకు తుడుచుకున్నాడు.

స్కాలర్‌షిప్ వచ్చింది. పది పాసయ్యాను, ఆపైనా చదివాను. నాయన మాత్రం మళ్లీ పెన్ను పట్టలేదు. "నీకు వస్తుంది కదా నాయనా" అంటే, "ఎందుకులే పాపా... మళ్లా కలవకుంటే?" అనేవాడు.

ఇప్పుడు పిల్లల ఫారాలన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయి... తిట్టుకుందామంటే ఎదురుగా గుమాస్తా కూడా లేడు. మీలో ఎవరైనా అమ్మకో నాన్నకో సంతకం నేర్పి ఉంటే చెప్పండి. ఆ కాగితం దాచుకుని ఉంటే ఫొటో పెట్టండి, చూస్తాను.

మా నాయన కాగితం మీద సంతకం పెట్టింది ఒకే ఒక్కసారి... ఆ ముక్కలు నేను ఏరుకోను కూడా లేదు.