నా గోల్డ్ మీద వచ్చిన నాలుగో మనిషి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా అలియాబాద్‌లో ఎవరైనా ఫలానా చోట ఏదో కనబడిందని మొదలుపెడితే, టార్చి తెస్తా నడువు చూద్దాం అనేదాన్ని. మందుల కంపెనీలకు యంత్రాలు అమ్మే ఉద్యోగం నాది. మీటరులో ముల్లు కదలందే ఏదీ ఒప్పుకోను. ఇప్పుడు కూడా నేను మారిపోయానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకేమైనా అంతుబడితే నాకూ చెప్పండి.

ముందు కాస్త గొప్పలు చెప్పుకోనివ్వండి. మాది షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇల్లు. మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషిని నేను. అదీ అట్లా ఇట్లా కాదు. నెలలో సగం రోజులు గుజరాత్, మహారాష్ట్ర ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి తిరిగి, ఒక విమాన సంస్థలో గోల్డ్ మెంబర్‌ని అయ్యాను. బ్యాంకువాళ్లు వెంటపడి మరీ ఇచ్చిన ప్రీమియం క్రెడిట్ కార్డు దానికి తోడు.

ఈ రెంటిలో ఏది ఉన్నా ఎయిర్‌పోర్టు లాంజ్‌లోకి దర్జాగా పోవచ్చు. మెత్తటి సోఫాలు, వేడివేడి టిఫిన్లు, ఎన్నిసార్లు అడిగినా చాయ్. బయట సూటూ బూటూ వేసుకున్నవాళ్లు ఛార్జింగ్ ప్లగ్గుల కోసం వెతుక్కుంటుంటే, చేపలోళ్ల పిల్ల లోపల కాలు మీద కాలేసుకుని కూర్చునేది. గర్వం కాదా అంటే గర్వమే. కష్టపడి సంపాదించుకున్న గర్వం.

ఆ గర్వంలో సగం మా అన్న యాదగిరిది. నన్ను ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో దింపింది ఆయనే, తన చేపల ట్రాలీ బండిలో. సీటు వెనక ప్లాస్టిక్ కవర్లో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా ఒకటి ఎప్పుడూ ఉండేది. ఎయిర్‌పోర్టు దగ్గర పడగానే బండి పక్కకు ఆపి, పాత చొక్కా విప్పి అది వేసుకునేవాడు. టికెట్ లేనివాళ్లను గేటు దాటనివ్వరని తెలుసు. అయినా ఆ గేటు దాకా వచ్చి నిలబడటానికే ఆ చొక్కా.

తర్వాత కుత్బుల్లాపూర్ కాలనీల్లో చేపలు అమ్ముకుంటూ, కొనేవాళ్లందరికీ చెప్పేవాడట. "మా చెల్లె గిప్పుడు లాంజ్‌ల కూసోని చాయ్ తాగుతాంది." నేను ఫోటోలు పంపితే వాళ్లకు చూపించేవాడట. వాళ్లకు చేపలు కావాలి గానీ లాంజ్ ఎందుకు? అయినా వినిపించి పంపేవాడు.

గోల్డ్ వస్తే ఇంటిల్లిపాదినీ కాశీకి తీసుకుపోతాననీ, పోతూ పోతూ అందరం లాంజ్‌లో కూర్చుందామనీ అన్నకు మాటిచ్చాను. ఇంటిల్లిపాదీ అంటే అమ్మ, అన్న, వదిన, నేను. చిక్కల్లా ఒక్కటే. కార్డు మీద నేనూ, నాతో ఇంకొకరూ పోవచ్చు. గోల్డ్ మీద మరొక అతిథిని తీసుకుపోవచ్చు. ఎట్లా లెక్కేసినా ముగ్గురికే దారి.

అన్న పకపకా నవ్వాడు. "మీరు ముగ్గురు పోండే. నేను బయట కూసోని చెప్పులు కాస్త."

ఆయన చెప్పింది అలవాటైన పనే. ఏ జాతరకు పోయినా మమ్మల్ని గుళ్లోకి పంపి చెప్పుల దగ్గర కూర్చునేది అన్నే. నాకు తిక్కరేగింది. "చెప్పులు కాసుడేంది? గోల్డ్ మీద పోయేది నువ్వే. గది నీదే అన్నా" అన్నాను.

గోల్డ్ వచ్చింది. ఆ వారమే అన్న పోయాడు. చేపలు తూకం వేస్తూ వేస్తూ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. ఫోన్లో గోల్డ్ మెంబర్‌కు శుభాకాంక్షలు అని మెసేజ్ వస్తే ఆ ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. అన్న తోలుచెప్పుల్లో ఎడమదానికి పట్టీ తెగితే, వదిన నీలం వలదారంతో కుట్టింది. ముడి పైకి కనబడేది. కొత్తవి కొనిస్తానంటే ససేమిరా అనేవాడు. దహనం నాడు బట్టలతోపాటు ఆ చెప్పులను శ్మశానంలోనే వదిలేశాం. అక్కడ పెట్టింది నేనే, నా చేతులతో.

సంవత్సరీకం అయ్యాక అమ్మనూ వదిననూ కాశీకి తీసుకుపోదామని టికెట్లు బుక్ చేశాను. ముగ్గురు కలిసి బయలుదేరితే కీడని మా దగ్గర పట్టింపు. తప్పనప్పుడు ఒక రాయిని వెంట పెట్టుకుంటారు, అది నాలుగో మనిషి లెక్క. బయలుదేరే ముందు అమ్మ చెరువు కట్టకు పోయి, అన్న వలలు ఆరేసుకునే చోటునుంచి ఒక గులకరాయి ఏరి సంచిలో వేసుకుంది. నేను నవ్వుకున్నాను గానీ అడ్డం చెప్పలేదు.

ఎయిర్‌పోర్టు తనిఖీలో ఆ రాయి బయటపడింది. ఇదేంటని జవాను అడిగితే, "మా నాలుగో మనిషి బిడ్డా" అంది అమ్మ. నేను హిందీలో వివరించేసరికి పాపం నవ్వి వదిలేశాడు.

లాంజ్ తలుపు దగ్గరికి వచ్చామో లేదో, అమ్మా వదినా చెప్పులు విప్పి గోడవారగా పెట్టేశారు.

"అమ్మా, గీడ చెప్పులు ఇడువరే!"

"ఇంత సక్కటి జాగల చెప్పులతోని తొక్కుతరా? బుద్ధి లేదానే" అని నన్నే కసిరింది.

సరే, నా లాంజ్, మా అమ్మ ఇష్టం అనుకున్నాను. ఇద్దరినీ ఉత్తకాళ్లతోనే తలెత్తుకుని లోపలికి తీసుకుపోయాను. కౌంటర్లో అమ్మాయి ఎంతమంది అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ "నలుగురం" అంది. రాయిని లెక్కేసింది మరి. ముగ్గురమేనని నేను సర్దిచెప్పాను. ఆ అమ్మాయి ఒకసారి మా వెనక్కి చూసింది, ఒకసారి నన్ను చూసింది. సరే మేడమ్ అని కార్డు గీకి, గోల్డ్ నంబరు కొట్టుకుంది. ఆ చూపును నేనప్పుడు పట్టించుకోలేదు.

లోపల విమానాలు కనబడే చోట నాలుగు కుర్చీల బల్ల దొరికింది. అమ్మ నాలుగో కుర్చీలో రాయిని పెట్టింది. దాని ముందు ప్లేటులో రెండు జిలేబీలు పెట్టింది, అన్నకు జిలేబీ అంటే ప్రాణం. వదిన ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె నవ్వింది. "మీ అన్న ఉంటే ఈపాటికి గా వంటాయనతోని దోస్తానా జేస్తుండె" అంది. అందరం నవ్వాం. అమ్మ రెండోసారి వడలు పెట్టించుకుంది. నా కడుపు నిండిపోయింది, వాళ్లను చూస్తేనే.

విమానానికి పిలుపు రాగానే హడావుడిగా లేచాం. ముందు నడిచిన వదిన తలుపు బయట టక్కున ఆగిపోయింది.

గోడవారగా మూడు జతలున్నాయి. అమ్మవి, వదినవి, పక్కనే మగవాళ్ల తోలుచెప్పులు. ఎడమదాని పట్టీకి నీలం వలదారం కుట్టు. ముడి పైకే ఉంది. అంచుల్లో నల్లటి చెరువు మట్టి, ఇంకా తడిగా ఉంది. వదిన వంగి ఆ ముడిని ముట్టుకుని, ఉన్నచోటే కూలబడిపోయింది.

కౌంటర్ అమ్మాయిని అడిగాను, ఆ చెప్పులు ఎవరివని.

"మీతో వచ్చిన సార్‌వే కదా మేడమ్? తెల్లచొక్కా ఆయన. మీరు ముగ్గురే అన్నారు గానీ, పెద్దమ్మగారు నలుగురన్నారు కదా. మీరు వెళ్లాక కూడా ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉంటే, లోపలికి పదండి సార్ అన్నాను. ఆయన ఎంట్రీ ఎవరి మీద వేయమంటారు?"

అక్కణ్ణుంచే లోపలికి చూశాను. మా బల్ల దగ్గర ఎవరూ లేరు. జిలేబీల ప్లేటు అట్లాగే ఉంది. తొందరలో రాయిని మరిచిపోయాం, అది నాలుగో కుర్చీలోనే ఉంది. తీసుకొస్తానని నేను కదలబోతే అమ్మ నా రెక్క పట్టుకుంది.

"రాయి గూడ ముట్టకు, చెప్పులు గూడ ముట్టకుర్రి. నా కొడుకు ఎన్నడన్న చెప్పులిడిచి లోపటికి పోయిండా? మనల్ని తోలి బయటనే కూసున్నడు. ఇయ్యాల పోయిండు. కూసోనియ్యండి."

నేను కౌంటర్ దగ్గరికి తిరిగి వెళ్లాను. ఆయన మా అన్న యాదగిరి, నా గోల్డ్ మీద వేయమన్నాను.

"గోల్డ్ మీద మీ వదినగారిని వేశాం మేడమ్."

"వదినకు డబ్బులు తీసుకోండి. గోల్డ్ మాత్రం ఆయనదే" అన్నాను. మాట స్పష్టంగానే వచ్చింది, కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నా.

కాశీనుంచి తిరిగొచ్చాక ఆ లాంజ్‌కు వెళ్లి అడిగాను. చెప్పులు గానీ రాయి గానీ చూసినవాళ్లు లేరు. ఆ అమ్మాయి మళ్లీ డ్యూటీలో కనబడలేదు. వలదారంతో చెప్పులు కుట్టుకునేవాళ్లు చెరువుల దగ్గర బోలెడుమంది ఉంటారు, అది ఇంకెవరిదో అయ్యుండొచ్చు అనుకుని చూశాను. కానీ కుట్టిన వదినే తన కుట్టని చెబుతుంటే నేనేమనాలి?

దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను కూడా. కానీ మీ ఇంట్లో ఎంతమంది ఆ లాంజ్‌లో కూర్చున్నారని ఎవరైనా అడిగితే మాత్రం, మా అమ్మలాగే నలుగురం అని చెబుతాను.