పోటు చూసే మనిషి

ఆ పడవాయనని ఏమడిగినా ముందు సముద్రంకేసి చూసేవాడు. భోంచేశావా అన్నా అంతే. ఒకసారి నీళ్లని చూసి, అప్పుడు "తినీసినాను బాబూ" అనేవాడు.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మాకు కాబోయే బావకి దీవిలో పెళ్లి చేసుకోవాలని సరదా పుట్టింది. భీమిలి దగ్గర నీళ్ల మధ్యనున్న ఇసుక దిబ్బ మీద, పున్నమి ఉదయం, అక్క పెళ్లి పెట్టారు. పందిరి, మేళం, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ ఆ పడవాయన పడవలోనే చేరాయి. జీలకర్ర బెల్లం వేళకి నీళ్లు పంతులుగారి పంచె అంచు తాకాయి. తాళి కట్టే వేళకి మోకాళ్లకొచ్చాయి. ముహూర్తం దాటకూడదని పంతులుగారు మంత్రం ఆపలేదు. కుర్చీలు మాత్రం తేలుకుంటూ వెళ్లిపోయాయి.

"దిబ్బ మునుగుతుందని ముందే చెప్పొద్దా?" అని నాన్న పడవాయన మీద విరుచుకుపడ్డాడు.

ఆయన సముద్రంకేసి చూశాడు. "ముహూర్తానికి పంతులుగార్నడిగినారు. పోటుకి నన్నెవులడిగినారు బాబూ?"

నాన్న మళ్లీ ఆ తప్పు చేయలేదు. నా పెళ్లికి పంతులుగారికంటే ముందు ఆయన దగ్గరికే నన్ను తీసుకెళ్లాడు. పెళ్లి కంచరపాలెంలో, కల్యాణ మండపంలో.

"అక్కడికి పోటెలాగొస్తాది బాబూ?" అని ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత అలవాటుకొద్దీ సముద్రంకేసి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"పదిలోపు కానిచ్చీండి."

తొమ్మిదిన్నరకే కానిచ్చేశాం.