పుంతలో గోంగూర

నేను తెనాలి టౌనులో పుట్టిన పిల్లని. పెళ్లయి రేపల్లె దగ్గర ఈ ఊరు వచ్చేదాకా వరిచేనంటే బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చదనమే. అందుకే రేపల్లెలో రైతుల మీటింగంటే అందరికంటే ముందు తయారైపోయాను. మావయ్యగారు పోయాక వ్యవసాయమంతా అత్తయ్య చేతిమీదే నడుస్తోంది. మా ఆయన సూర్యలంక నుంచి చేపలు తోలే వ్యాను మీద ఉంటాడు, ఇంటికి చుట్టపుచూపుగా వస్తాడు. కాబట్టి మా ఇంటి తరఫున రైతులం మేమిద్దరమే.

మీటింగులో ఒక ఆఫీసరుగారు, పొలాల్లోకి యంత్రాలు బాగా రావాలంటే ఏమేం కావాలో మీరే చెప్పండి అన్నారు. ఒకాయన డీజిల్ అన్నాడు. ఒకాయన పని తెలిసిన డ్రైవర్లు అన్నాడు. ఇంకొకాయన, పాడైతే సామాను కనీసం తెనాలిలోనైనా దొరకాలన్నాడు. మా పెదమావయ్య, అంటే మావయ్యగారి అన్నయ్య, మైకు తీసుకుని "ముందు రైతు మనసు మారాలండీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. టిఫిన్ కూడా బాగుంది. పుంత ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

పుంతంటే రోడ్డు మీంచి పొలాల్లోకి పోయే బండిదారి. ఒకప్పుడు ఎడ్లబండ్లు ఎదురెదురుగా వచ్చినా హాయిగా తప్పుకునేవట. ఏటా దున్నేటప్పుడు ఇటువాళ్లు ఒక చాలు, అటువాళ్లు ఒక చాలు పుంతలోకి జరుపుకుంటూ వచ్చారు. ఎవరూ ఆక్రమించామని అనుకోరు. పక్కవాడు జరిపాడు కాబట్టి మేమూ సరిచేసుకున్నాం అనుకుంటారు. నేను కాపురానికి వచ్చేసరికి అందులో మోటారుసైకిలు పట్టేది, దాని మీద కూర్చున్న మనిషి మరీ లావైతే తప్ప.

వరి కోతకొచ్చింది. సరిగ్గా అప్పుడే టీవీలో వాయుగుండం తిరగడం మొదలుపెట్టింది. కోతమనుషులు దొరకడం లేదు. దొరికినా, కోసి పనలు వేశాక వాన పడితే వడ్లు చేలోనే మొలకలెత్తుతాయి. ఏడాది పొడుగునా మేం తినే బియ్యం ఆ ఒక్క చేలోవే. వాన కంటే ముందు గింజ ఇంటికి చేరాలి, అంతే. అందుకని బాపట్ల నుంచి, చక్రాల బదులు ఇనప చైన్ల మీద నడిచే చైను కోతమిషన్ మాట్లాడాం. రోడ్డు పక్కన ఉన్న పెదమావయ్య చేను మొదలుకుని, పుంత చివర ఉన్న మా చేను దాకా వరసగా కోసుకుంటూ పోవాలని ఒప్పందం. డ్రైవరు మా ఆయన కంటే వయసులో పెద్దవాడు, సాయిబుగారు, అందరూ భాయ్ అంటారు. పొద్దున్నే ఫోన్ చేస్తే "బాపట్ల దాటేశాను చెల్లెమ్మా" అన్నాడు.

ఆ మాట విన్నదే తడవు అత్తయ్య మినుముల బుట్ట నెత్తికెత్తుకుంది. మా వైపు వరి కోతకి ముందు, చేను నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు. తడిమన్నులో పడ్డ గింజ వరి పోయేసరికి మొలకేస్తుంది. మనుషులు కోస్తే వాళ్ల కాళ్లకి మొలక తట్టుకుంటుంది. చైను మిషన్ ఎక్కితే తట్టుకోదు.

"మిషన్ చేలో దిగాక చల్లుకుందాం అత్తయ్యా."

"దిగాక చల్లడానికి దాని వెనకాల నేను పరిగెత్తాలా? బాపట్ల దాటాడన్నావుగా. పొద్దున చల్లితే సాయంత్రానికి కోసేస్తాడు. గింజని తొక్కితే గింజకేం కాదులే."

ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు. మిషన్ వచ్చింది, పెదమావయ్య చేను కోసింది, ఆ వడ్లు ట్రక్కులో ఆయన ఇంటికి పోయాయి. తర్వాత పుంత మలుపు దగ్గర ఆగిపోయింది. అక్కడ పెదమావయ్య అరటిచెట్లు ఒక వరస, గెలలతో సహా, దారిలోకి వంగి నిలబడి ఉన్నాయి. భాయ్ కిందికి దిగి రెండు చేతులూ బార్లా చాపి చూశాడు.

"చెల్లెమ్మా, ఇది మిషన్ పోయే దారా, మేకలు పోయే దారా?"

మా అత్తయ్య బావగారితో నేరుగా మాట్లాడదు. అలవాటు లేదు. మాటలన్నీ నా మీంచే పోవాలి. ఇద్దరూ ఎదురెదురుగానే నిలబడ్డారు, మధ్యలో నేను కరెంటు స్తంభంలాగా.

"మీ పెదమావయ్యని అడగవే, ఆ అరటిచెట్లు ఎవరి పొలంలో ఉన్నాయో."

"మీ అత్తకి చెప్పమ్మా, మా నాన్న ఉన్నప్పటి నుంచీ గట్టు అక్కడే ఉందని."

"గట్టుకి కాళ్లొచ్చాయా అని అడుగు."

"గెల దిగనివ్వమను. దిగాక నేనే కొట్టేస్తా."

"గెల దిగేదాకా వాయుగుండాన్ని ఆగమని ఆయన్నే చెప్పమను."

నేను నోరు తెరిచే లోపే అవతలివాళ్లు జవాబిచ్చేస్తున్నారు. భాయ్ ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసి, కేబిన్‌లో పడుకున్నాడు.

మర్నాడూ మిషన్ అక్కడే. తర్వాత కోత ఒప్పుకున్న కొల్లిపర నుంచి భాయ్‌కి ఒకటే ఫోన్లు. "రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను చెల్లెమ్మా, తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు. చేలోకి వెళ్లి వరి పక్కకి జరిపి చూశాను. మినుములు ముక్కులు బయటపెట్టి ఉన్నాయి. అంత ముద్దుగా ఉన్నవాటిని చూసి ఏడుపు రావడం నాకదే మొదటిసారి.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య పెదమావయ్యని తిట్టడం మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంది. ఆవిడ్ని శాంతపరచడానికి, మా ఇంటికి భోజనానికొచ్చిన భాయ్ ఒక మాటన్నాడు, పాపం, మంచికే.

"పిన్నీ, ఆయన అరటి తీసినా లాభం లేదు. లోపలికి నడిచి చూసొచ్చాను. మీ చేను మొదట్లో గోంగూర మడి ఉంది కదా, అది పుంతలోనే ఉంది. అక్కడా చైను పట్టదు."

ఆ గోంగూరతో నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ పచ్చడి తింటున్నాను. అది ఎక్కడ మొలిచిందో నేనూ ఏనాడూ ఆలోచించలేదు.

"అది కూరాకే కదరా నాయనా," అంది అత్తయ్య, గొంతు తగ్గించి.

భాయ్ చైను వెడల్పుకి రెండు చేతులూ చాపి చూపించాడు. అది ఆవిడకి తగిలింది. కొడవలి తీసుకుని నన్ను రమ్మంది. ఇద్దరం కలిసి మడి మొత్తం వేళ్లతో సహా పీకేశాం. ఊరుకుంటుందా! గోంగూర మోపు నా నెత్తిన పెట్టి, పుంత పక్క పొలాలున్న ప్రతి ఇంటి ముందూ ఆపింది. "పుంతలో పెరిగిందమ్మా, మాది కాదు, తలా కాస్త తీసుకోండి" అంటూ పంచింది. అన్నిటికంటే పెద్ద కట్ట పెదమావయ్య గుమ్మంలో పెట్టించింది.

లోపల్నుంచి పెదత్తయ్య గొంతు వినబడింది. "ఆడది మడి పీకి పంచుతుంటే మీరు గెలలు లెక్కబెట్టుకుంటూ కూర్చోండి!"

తెల్లారేసరికి మలుపు దగ్గర కత్తిదెబ్బలు. పెదమావయ్య పంచె ఎగ్గట్టి అరటిచెట్లు నరుకుతున్నాడు. గోంగూరకి తీసిపోకూడదుగా, పచ్చిగెలలన్నీ అత్తాలుగా, పదేసి కాయల గుత్తులుగా కోసి ఇంటింటికీ పంపించాడు. మాకొచ్చిన అత్తం మాత్రం తనే తెచ్చి అరుగు మీద పెట్టి, "మీ అత్తకి చెప్పు, వేపుడుకి బాగుంటాయి" అన్నాడు. మిగతావాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని ఎవరి కంచె కంప వాళ్లు లోపలికి లాక్కున్నారు, ఎవరి గట్టు వాళ్లు చెక్కుకున్నారు. ఆ పూట ఊరంతా గోంగూర పచ్చడి, అరటికాయ వేపుడు.

అందరి చేలూ కోసుకుంటూ మిషన్ మా చేలోకి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. భాయ్ వరి కిందికి వంగి చూశాడు.

"పిన్నీ, మొలకలొచ్చేశాయి. తొక్కేస్తుంది."

అత్తయ్య మిషన్ ముందు నిలబడింది. ఒక మొలకని వేలితో ముట్టుకుంది. తర్వాత గట్టెక్కి, కాలవ వైపు తిరిగి నిలబడింది.

"నడుపు నాయనా. నువ్వు వరినే చూడు, కింద చూడకు."

వడ్లు ట్రక్కులో పడుతున్నంతసేపూ ఆవిడ ఇటు తిరగలేదు. ట్రక్కు మా వాకిట్లోకి వచ్చి, వడ్లు వసారాలో పోసి, పట్టా లాగుతుండగా మొదటి చినుకు నా మెడ మీద పడింది.

రాత్రంతా వాన. పొద్దున్నే అత్తయ్య పట్టా ఎత్తి, వడ్లలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. అడుగునుంచి తీసిన గింజని పంటితో కొరికింది. తడి తగల్లేదు, టక్కుమంది. నా చేతిలోనూ నాలుగు పోసింది. కొరికితే పొట్టు పళ్లలో ఇరుక్కుంది, అత్తయ్య పగలబడి నవ్వింది. మినుముల మాట ఆ పూట ఇద్దరం ఎత్తలేదు.