మస్తాను పెదనాన్న హజ్

ఈ మాట గొంతులో పెట్టుకుని ముసలివాణ్ణయ్యాను. పెళ్లాంతో చెప్పలేదు. పిల్లలతో అసలే చెప్పలేదు. మసీదులో నా పక్కన నిలబడి నమాజు చేసేవాళ్లకు తెలిస్తే ముఖాన ఉమ్మేస్తారేమో. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో లేచి వెళ్లిపోకండి.

మాది నరసరావుపేట. దూది ఏకేవాళ్ల ఇళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా పక్కింటి మస్తాను పెదనాన్న పరుపులు కుట్టేవాడు. చుట్టం కాదు గాని పెదనాన్నా అనే పిలిచేవాణ్ణి. ఆయనకు ఉన్నది ఒకే కోరిక, మక్కా వెళ్లి హజ్ చేసి రావాలని. దానికోసం పండక్కి కూడా కొత్త చొక్కా తొడిగేవాడు కాదు. తీరా బయల్దేరదామనుకునేసరికి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, ఓడలు ఆగిపోయాయి. యుద్ధం నడుస్తుండగానే ఆయన పోయాడు.

ఓడలు మళ్లీ తిరుగుతున్నాయని తెలియగానే ఆయన భార్య హుసేన్‌బీ పెద్దమ్మ నన్ను పిలిచింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మక్కాలో చదువుకుని వస్తానని ఊరంతా డప్పు కొట్టుకుంటూ తిరిగేవాణ్ణి, వెళ్లే దారి మాత్రం లేదు. పెదనాన్న కూడబెట్టినదంతా ఆమె నా చేతిలో పెట్టింది. అడిగింది ఒక్కటే. రాబోయే హజ్ ఆయన తరఫున చేయాలి. ఆ తర్వాత ఎన్నాళ్లయినా అక్కడే ఉండి చదువుకోవచ్చు. పోయినవాళ్ల బదులు ఇంకొకరు హజ్ చేయడం మాలో ఉన్నదే. చేస్తానని అల్లా మీద ప్రమాణం చేశాను.

బొంబాయిలో ఓడెక్కి, జిద్దాలో దిగి, మక్కా చేరాను. తెల్లవారుజాము నమాజు కాగానే పెద్ద మసీదులో ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో గురువు కూర్చునేవాడు, చుట్టూ మేము. అరబ్బీ వ్యాకరణంలో మొదట చెప్పే వాక్యం 'జైదు అమ్రును కొట్టాడు' అని. నెలల తరబడి ఆ జైదు అమ్రును కొడుతూనే ఉన్నాడు, ఎందుకు కొట్టాడో ఒక్క గురువూ చెప్పలేదు. అర్థాలు పుస్తకం అంచున తెలుగులో రాసుకుంటుంటే నా గదిలో ఉండే బీహారు కుర్రాడూ మలబారు కుర్రాడూ వంగి చూసి నవ్వేవాళ్లు. వంట వంతులవారీగా చేసుకునేవాళ్లం. నా వంతు వచ్చిన రోజు కారానికి ఇద్దరికీ కళ్ల నీళ్లే. నాకు మాత్రం గోంగూర గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. తెలుగులో మాట్లాడేందుకు ఒక్క మనిషి లేడు. ఇంటి బెంగ పట్టుకుంది.

ఒకరోజు పాఠంలో హజ్ సంగతి వచ్చింది. తన హజ్ ఇంకా చేసుకోనివాడు ఇంకొకరి హజ్ చేయకూడదని మా ధర్మశాస్త్రంలో ఒక పద్ధతివాళ్లు అంటారు. చేయవచ్చు, చెల్లుతుంది అంటారు మా పద్ధతివాళ్లు. మా ఊళ్లో అందరం నడిచేది ఈ రెండోదాని ప్రకారమే. నాకా సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా ఆ మొదటి మాటనే భద్రంగా దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నాను? అప్పటికే నా మనసులో దొంగ బుద్ధి పుట్టిందా? పుట్టే ఉంటుంది.

హజ్ కోసం రెండు తెల్లబట్టలు చుట్టుకుని సంకల్పం చెప్పుకునే రోజు వచ్చింది. 'అల్లా, ఇదిగో వచ్చాను' అని, ఫలానావారి తరఫున అని పేరు చెప్పాలి. నోరు తెరిచాను. నా పేరు చెప్పాను. పొరపాటున నోరు జారిందని మీతో అనగలను, కాని కాదు. ఇంత దూరం వచ్చి, ఇంత ఎండలో మాడి, ఈ పుణ్యం తీసుకెళ్లి ఇంకొకడి మూటలో వేస్తానా అనిపించింది. ఇంకొకడంటే ఎవరు? చిన్నప్పుడు దూది మూట మీద కూర్చోబెట్టుకుని నన్ను ఆడించినవాడు! నాలో ఇలాంటివాడు ఉన్నాడా అని నాకే నమ్మబుద్ధి కాలేదు. పోనీ, వెంటనే వెళ్లి గురువును అడిగానా? అడగలేదు. గ్రంథాల్లో ఉన్న మాటేలే, వచ్చే ఏడు పెదనాన్నది చేస్తాలే అని సర్దుకున్నాను. చదివిన చదువు అందుకు పనికొచ్చింది.

ఆ వచ్చే ఏటి హజ్ కూడా దగ్గరపడింది. నేను మక్కా నుంచి జిద్దా రేవుకు వెళ్లేసరికి మొదటి ఓడ వచ్చి ఆగింది. మనవాళ్లు ఏడుస్తూ, నేలను ముద్దు పెట్టుకుంటూ దిగుతున్నారు. వాళ్లను దించేసి ఓడ ఖాళీగా బొంబాయి వెళ్లిపోతుంది. వాళ్లు దిగుతుంటే పక్కనుంచి నేను ఎక్కాను. చదువు మధ్యలో ఎందుకొచ్చావంటే, జ్వరం వచ్చి చావబోయానని ఊళ్లో చెప్పాను. జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఇంటికి పోవాలనిపించింది, పోయాను. మీరు తిట్టుకుంటున్నారు కదూ? తిట్టండి.

ఇల్లు చేరిన పూటే పెద్దమ్మ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాయనా, ఆయన హజ్ చేశావా?"

"చేశా పెద్దమ్మా."

"పేరు చెప్పావా?"

"చెప్పా."

"ఏమని చెప్పావు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "మస్తాను అనే. ఇంకేమంటా?"

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో అల్లా! ఆయన పేరు మస్తాను కాదురా! అది మా అత్త దర్గాకు మొక్కుకొని పిలుచుకున్న పేరు. అసలు పేరు నిఖా నాడు ఖాజీ పిలిస్తే నేను విన్నా. మళ్లీ ఎవురూ పిలవలా."

"ఏంది పెద్దమ్మా ఆ పేరు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. ఈమె కాపురం చేసిన అన్నేళ్లలో ఒక్కసారి అనలేదు. ఆ రోజు అంది.

"నూరుద్దీను."

అని, తల బాదుకోవడం మొదలుపెట్టింది. "నువ్వు పొయ్యేటప్పుడు చెబుదామనే వచ్చా. వాకిట్లో చానామంది ఉన్నారు. సిగ్గేసింది, తిరిగిపోయా. నా సిగ్గు తగలబడ! ఆయన హజ్ ఎవురికి పోయిందో! అంతా నా మూలానే పోయింది కదరా!"

నిజంగా ఆయన కోసం చేసేవాణ్ణయితే, అంత గొప్ప సంకల్పానికి ఆయన పూర్తి పేరేమిటి, తండ్రి పేరేమిటి అని వెళ్లేముందే అడిగి ఉండేవాణ్ణి కదా? అడగనేలేదు. ఆ ఒక్కటి చాలు నన్ను పట్టుకోవడానికి. ఆమెకు ఆ అనుమానమే రాలేదు. నేరం మొత్తం తీసి తన నెత్తిన పెట్టుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను. 'ఎవరి కోసమో అల్లాకు తెలుసులే పెద్దమ్మా' అన్నాను. సిగ్గులేని నోరు! అల్లాకు తెలుసు, నిజమే.

అప్పటినుంచి ప్రతి నమాజు తర్వాతా మా నడిమి గోడ అవతల ఆమె గొంతు వినిపించేది. "నూరుద్దీనూ, మాఫ్ చెయ్యి. తెలివితక్కువదాన్ని." ఒక్క అడుగు బయటికి వేసి, తప్పు నాది పెద్దమ్మా అంటే సరిపోయేది. అప్పటికే ఊరు నన్ను హాజీసాబు అంటోంది, పిల్లనివ్వడానికి సంబంధాలు వస్తున్నాయి. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు రేపు అంటూ ఏళ్లు గడిపాను.

ఆమె పోయేనాడు మంచం పక్కన కూర్చుని ఖురాన్ చదివింది కూడా నేనే. నా చెయ్యి పట్టుకుని, పైకి పోయి ఆయన కాళ్ల మీద పడతానని, ఆయన మాఫ్ చేస్తాడో లేదోనని భయంగా ఉందని చెప్పింది. గదిలో నలుగురూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అప్పుడైనా నోరు తెరవాలి కదా మనిషనేవాడు! తెరవలేదు.

తర్వాత ఒక నమ్మకస్తుణ్ణి పంపి, ఆ పేరు, తండ్రి పేరు సరిగ్గా చెప్పించి, పెదనాన్న హజ్ చేయించాను. చెల్లిందనే పండితులన్నారు. ఆయన సంగతి అలా తీరిందేమో. మరి ఆమె? చేయని తప్పుకు మొగుడి ముందు తలెత్తుకోలేనని వణుకుతూ వెళ్లిపోయిన ఆ మనిషికి, 'నీ తప్పేమీ లేదమ్మా, వాడు అసలు ఆయన పేరే ఎత్తలేదు, తన పేరు చెప్పుకున్నాడు' అని ఎవరు చెబుతారు?

ఆమెతో అనాల్సిన మాట ఇది. మీతో అన్నాను. గట్టిగానే అన్నాను.