కాలరమ్మ అరికాలు

మా అత్తగారికి ముక్కు మీదే కోపం. ఆ కోపానికి తగ్గ పనితనమూ ఉంది. మేమిద్దరం ఒకే కుట్టు దుకాణంలో పనిచేస్తాం. ఆవిడ తొక్కుడు మిషను మీద చొక్కాలకు కాలర్లు కుడుతుంది, నేను పక్క బల్ల దగ్గర గుండీలు, కాజాలు చూసుకుంటాను. కాలరు మొనను అంత పదునుగా తిప్పేవాళ్లు మా వీధిలో మరొకరు లేరు కాబట్టి అందరూ ఆవిడను కాలరమ్మ అనే పిలుస్తారు. ఆ మిషను మీద ఆవిడ ఈగను కూడా వాలనివ్వదు.

చిక్కల్లా ఆవిడ కూర్చునే తీరుతోనే వచ్చింది. మనిషి పొట్టి, స్టూలు ఎత్తు. కిటికీలోంచి వీధి కనిపించాలని ఆ స్టూలే కావాలంటుంది. దానిమీద కూర్చుంటే మడమ పెడలుకు అందదు. అందుకని ఏళ్ల తరబడి పాదం ముందుభాగంతోనే, వేళ్ల మొదళ్ల దగ్గరి అరికాలితోనే తొక్కింది. ఒకరోజు ఆ చోటు ఆవిడ మీద అలిగింది.

మొదట చెప్పులో రాయి దూరిందనుకుంది. చెప్పు విడిచి దులిపింది, ఏమీ రాలలేదు. మర్నాడు మళ్లీ దులిపింది. ఆ తర్వాత చెప్పును తిట్టింది. చివరికి నొప్పి తన కాల్లోనే ఉందని ఒప్పుకుంది, అదీ నా ఒక్కదాని దగ్గరే.

ఆవిడ కుంటడం దుకాణం యజమాని కంట్లో పడనే పడింది. "కుంటుతున్నారేంటమ్మా? కొన్నాళ్లు గుండీల బల్ల దగ్గర కూర్చోండి, మిషను మీ కోడలు తొక్కుతుంది" అన్నాడు.

"నా కాలికేం, నిక్షేపంలా ఉంది" అంది ఆవిడ. ఆ పూటంతా నేను కుట్టిన కాజాలకు వంకలు పెట్టింది. ఒకసారి బల్ల దగ్గరికి మారితే ఇక మిషను తిరిగి తన చేతికి రాదని ఆవిడ భయం. ఆ భయానికి నా మొహమే దొరికింది, ఏం చేస్తాం.

మర్నాడు సొంత వైద్యం మొదలుపెట్టింది. కోటు లోపల వేసే దళసరి గుడ్డను గుండ్రంగా కత్తిరించి, పొర మీద పొర పేర్చి, చుట్టూ ముత్యాల్లాంటి కుట్టు వేసి, చెప్పులో సరిగ్గా నొప్పి ఉన్నచోట అంటించింది. దర్జీ బుద్ధి కదా, చిరిగినచోటే మాసిక వేసింది. నొప్పి పెరిగింది. ఇంకో పొర వేసింది. ఇంకా పెరిగింది. ఆ సాయంత్రం బస్సు మెట్టు ఎక్కలేక నా భుజం పట్టుకుంది. నాకు నిజంగా భయమేసింది. బస్సు దిగగానే నేరుగా పాదాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ కాలు నొక్కి చూసి, చెప్పులోని గుడ్డ బిళ్లను ఊడదీసింది. "ఎవరు కుట్టారండీ ఇది?"

"నేనే" అంది అత్తగారు, అంత నొప్పిలోనూ గొప్పగా.

"కుట్టు బాగుంది, పెట్టిన చోటే బాలేదు. నొప్పి ఉన్నచోటే ఎత్తు పెడితే బరువంతా దానిమీదే పడుతుంది. కాస్త వెనక్కి, మడమ వైపు జరపండి. అప్పుడు అక్కడి ఎముకల మీద భారం తగ్గుతుంది."

"చిరుగు ఒకచోట, అతుకు ఇంకోచోటా?"

"కాలు చొక్కా కాదు కదండీ."

వేళ్లకు చోటుండే వెడల్పాటి చెప్పులు వేసుకోమంది, సాయంత్రం గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకోమంది, మడమ కూడా ఆనేలా స్టూలు దించుకోమంది. అన్నిటికీ అత్తగారు తలూపింది. "కొన్ని వారాలు ఒక పూటే తొక్కండి, రెండో పూట కాలికి విశ్రాంతి" అనగానే మొహం మాడ్చుకుంది.

వడ్రంగి స్టూలు కాళ్లు కోశాడు. కిటికీ పోయి గోడ మిగిలింది. బిళ్ల వెనక్కి జరిగింది. కొద్దిరోజులకే ఆవిడ తిట్లకు మునుపటి జోరు వచ్చింది, నొప్పి తగ్గుతోందని నాకలా తెలిసింది. రెండో పూట మాత్రం ఇంకా మిషను వదల్లేదు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక తనే లేచి, నా చెయ్యి పట్టుకుని మిషను ముందు కూర్చోబెట్టింది. "ఇది నీకిచ్చేస్తే నన్నిక ఎవరూ అడగరని భయపడ్డానే" అంది. "కానీ కాలే పాడైతే దేంతో తొక్కను? కానివ్వు."

తొక్కడం మొదలుపెట్టాను. కాలరు మొన దగ్గర ఆగాల్సిన చోట ఆగడం నాకు రాదు. ఆవిడ పక్కకు చేరి, "కళ్లు గుడ్డ మీద పెట్టు, చెవులు నాకివ్వు" అంది. మంచి కాలి చెప్పుతో నేల మీద తాళం వేసింది. తాళం సాగినంతసేపు తొక్కాను. అది ఆగినచోట ఆగి, సూది దించి, గుడ్డ తిప్పాను.

సాయంత్రం యజమాని ఆ కాలరును వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "ఇది అత్తదా, కోడలిదా?"

ఆవిడ తలెత్తకుండా, గుండీ కుడుతూనే, "మాది" అంది.